ఊపిరి జబ్బు, గుండె గండం

సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకై ఊపిరి వదలడం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న మనిషి దేనివల్ల చనిపోతాడు? జవాబు ప్రశ్నలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఊపిరితిత్తులు పాడైనవాడు ఊపిరాడకే పోతాడనుకుంటాం. 2007లో వెలువడిన టార్చ్ అనే ఇన్‌హేలర్ ప్రయోగం ఈ లెక్కనూ తేల్చడానికి ప్రయత్నించింది. అందులో చేరిన 6,112 మందిని మూడేళ్లు గమనించి, చనిపోయిన ప్రతి ఒక్కరి కేసునూ స్వతంత్ర వైద్యుల బృందం విడిగా పరిశీలించింది. శ్వాసకోశ కారణాలతో పోయినవారు 35 శాతం. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు 26 శాతం. క్యాన్సర్‌తో 21 శాతం. ప్రయోగంలో చేరినవాళ్లంతా జబ్బు ఓ మోస్తరుగానో బాగానో ముదిరినవాళ్లే. జబ్బు ఇంకా తేలికగా ఉన్నవారిలో గుండె వాటా మరింత పెద్దది.

ఈ సంగతి వైద్యులకు తెలియనిది కాదు. అయితే ఊపిరితిత్తుల జబ్బులో గుండె గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వైద్య పుస్తకాలు చాలాకాలం కుడి గుండె గురించే చెప్పాయి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం, గుండె కుడి భాగం ఉబ్బడం, కాళ్లకు నీరు పట్టడం, రోగి చివరి దశకు చేరడం అన్న వరస అది. అందులో అబద్ధం లేదు. కానీ గత ఇరవై ఏళ్ల అధ్యయనాలను కలిపి చదివితే ఎక్కువ ప్రాణాలు పోతున్నది ఎడమ వైపు దెబ్బతోనేనని తెలుస్తుంది. ఎడమ జఠరిక, గుండెకు రక్తం అందించే కరోనరీ నాళాలు, లయ తప్పే గుండె చప్పుడు. కుడి గుండె దెబ్బ ఆలస్యంగా వస్తుంది, కంటికి కనబడుతుంది. ఎడమ గుండె దెబ్బ ముందే వచ్చి ఆయాసం చాటున దాక్కుంటుంది. ఆయుష్షు పొడిగించే అవకాశాలు మనం ఎక్కువగా పోగొట్టుకుంటున్నది ఈ రెండోదాన్ని చూడకపోవడం వల్లే.

ఎంతమందికి, ఎందువల్ల

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సీఓపీడీ వల్ల సుమారు 35 లక్షల మంది చనిపోయారు. మరణ కారణాల్లో దానిది నాలుగో స్థానం. 70 ఏళ్లలోపు సంభవించే సీఓపీడీ మరణాల్లో దాదాపు 90 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనివే. మన దేశంలో 1990లో 2.81 కోట్ల మందికి ఉన్న ఈ జబ్బు 2016 నాటికి 5.53 కోట్ల మందికి చేరిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అంచనా. అదే అంచనాలో ఇంకో ముఖ్యమైన వివరం ఉంది. ఈ జబ్బు వల్ల మన దేశంలో నష్టపోయిన ఆరోగ్య జీవితంలో 53.7 శాతానికి గాలి కాలుష్యం కారణం. పొగాకు వాటా 25.4 శాతమే.

అంటే బీడీ కాలుస్తూ దగ్గే ముసలాయన బొమ్మ ఈ జబ్బులో సగం కూడా కాదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో మంట ఊదిన ఇల్లాలూ ఆ బొమ్మలో ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. వంటగదిలో పొగ తగ్గింది. పెరట్లో స్నానాల నీళ్లకు, పశువుల దాణాకు కట్టెల పొయ్యి చాలా ఊళ్లలో ఇంకా వెలుగుతూనే ఉంది. సిలిండర్ ధర పెరిగిన నెలల్లో వంట కూడా దాని మీదికే వస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో కాలుతున్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు ఉంది, అదీ ఎక్కువగా ఆడవాళ్లలో. నోటి క్యాన్సర్ పరిశోధకులు దశాబ్దాలుగా దాని గురించి రాస్తున్నారు. పొగ దాకా వస్తే నోటితో పాటు ఛాతీనీ లెక్కలోకి తీసుకోవాలి. వీటికి తోడు రాళ్ల క్వారీల దుమ్ము, పత్తి మిల్లుల నూగు, ఎప్పుడో నయమైన క్షయ ఊపిరితిత్తుల్లో వదిలిపోయిన మచ్చలు.

ఈ పొగ ఊపిరితిత్తుల దగ్గర ఆగదు. హైదరాబాద్ సమీపంలోని 28 గ్రామాల్లో ఛాయ్ అనే పేరుతో జరిగిన అధ్యయనం మెడలోని కెరోటిడ్ ధమని గోడ మందాన్ని కొలిచింది. ఆ మందం పెరగడం రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటున్నదనడానికి తొలి గుర్తు. మగవారిలో అది బయటి గాలిలోని సూక్ష్మ ధూళికణాలతో ముడిపడి కనిపించింది, ఆడవారిలో కట్టెల పొయ్యి మీద వంటతో. ఆ ఊళ్లలో గాలిలోని పీఎం 2.5 సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు. మన దేశం పెట్టుకున్న పరిమితి 40. చట్టం ప్రకారం మంచి గాలి పీలుస్తున్న మనుషుల రక్తనాళాల గురించి ఆ అధ్యయనం మాట్లాడిందన్నమాట. ఒకే పొగ గాలిగొట్టాలను, ధమనులను కలిపే దెబ్బతీస్తుంది కనుక ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలవడం యాదృచ్ఛికం కాదు.

కుడి గుండె: తెలిసిన కథ, తెలియని మలుపులు

1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద చేసిన ప్రయోగం ఈ కథకు పునాది. పీల్చే గాలిలో ప్రాణవాయువు తగ్గిస్తే ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి పెరిగింది. శరీరంలో మిగతా రక్తనాళాలు ప్రాణవాయువు తగ్గితే వెడల్పవుతాయి, ఇవి బిగుసుకుంటాయి. గాలి అందని భాగానికి రక్తం పంపి వృథా చేయకుండా, గాలి బాగా ఆడే భాగానికి మళ్లించే ఏర్పాటు ఇది. న్యుమోనియాలా ఊపిరితిత్తిలో ఒక మూల చెడితే ఈ ఏర్పాటు మేలు చేస్తుంది. సీఓపీడీలో ఊపిరితిత్తి అంతా చెడుతుంది కనుక నాళాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి గోడలు మందమవుతాయి. ఎంఫిసీమాలో గాలి గదులు చిట్లిపోయినప్పుడు వాటితోపాటు సన్నని రక్తనాళాలూ పోతాయి. తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన పల్చని కుడి జఠరిక ఈ బరువు మోయలేక సాగిపోతుంది.

మన దేశంలో ఈ కథను మొదట శ్రద్ధగా నమోదు చేసినవారిలో ఢిల్లీ హృద్రోగ వైద్యురాలు డాక్టర్ పద్మావతి ఒకరు. ఢిల్లీలో కుడి గుండె దెబ్బతిన్న 127 మంది ఊపిరితిత్తుల రోగుల వివరాలను ఆమె, పాఠక్ కలిసి 1959లో సర్క్యులేషన్ పత్రికలో ప్రచురించారు. పాశ్చాత్య దేశాల్లో ఇది పొగతాగే మగవాళ్ల జబ్బు. ఢిల్లీ ఆసుపత్రిలో మాత్రం ఆడవాళ్లూ దాదాపు మగవాళ్లంతమందే వచ్చారు. ఆ ఆడవాళ్లలో పొగ తాగేవారు కొద్దిమందే. వంటింటి పొగ మీద అనుమానం ఆమె తర్వాతి అధ్యయనాల్లో ఇంకా బలపడింది. గ్యాస్ పొయ్యిల పథకాలకు నలభై ఏళ్ల ముందే వార్డులో పడకల మీద ఉన్న సాక్ష్యం అది.

ఈ కథలో తర్వాత తేలిన మలుపులు రెండు. మొదటిది, ఒత్తిడి పెరుగుదల చాలా నెమ్మది, సగటున ఏడాదికి ఒక మిల్లీమీటరు పాదరసం కూడా ఉండదు. తీవ్రస్థాయికి చేరేవారు అరుదు. ఫ్రాన్స్‌లో 998 మంది రోగులను పరీక్షించినప్పుడు 27 మందిలోనే ఒత్తిడి 40 మిల్లీమీటర్లు దాటింది. వారిలో 16 మందికి దానికి వేరే కారణం కూడా దొరికింది. అందువల్ల సీఓపీడీ రోగిలో ఒత్తిడి మరీ ఎక్కువగా ఉంటే నిద్రలో శ్వాస ఆగిపోవడం, ఊపిరితిత్తుల్లో పాత రక్తపు గడ్డలు, ఎడమ గుండె జబ్బు లాంటివి వెతకాల్సిందే.

రెండోది కాళ్ల వాపు. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టి తీస్తే సొట్ట అలాగే నిలిచి ఉంటుంది. ఇది చూడగానే గుండె చేతులెత్తేసిందనుకుంటారు. కానీ రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు మూత్రపిండాలే ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. గుండె పంపు శక్తి బాగున్నవారిలోనూ ఇలా కాళ్లు వాస్తాయి. వాపు చూసి లాసిక్స్ డోసు పెంచుకుంటూ పోతే రక్తంలో క్షారం పెరిగి శ్వాస ఇంకా మందగించవచ్చు. ముందు ప్రాణవాయువు ఎంత ఉందో చూడాలి, ఆ తర్వాతే నీళ్ల మాత్ర.

ఎడమ గుండె: ఆయాసం చాటు జబ్బు

నెదర్లాండ్స్‌లో కుటుంబ వైద్యుల దగ్గర సీఓపీడీ పేరుతో చికిత్స పొందుతున్న, 65 ఏళ్లు దాటిన 405 మందికి గుండె పరీక్షలన్నీ చేసి చూశారు. 2005లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో 20.5 శాతం మందికి అంతవరకూ ఎవరూ గుర్తించని గుండె వైఫల్యం బయటపడింది. అయిదుగురిలో ఒకరు అన్నమాట. ఇలాంటివారి ఆయాసంలో ఎంత ఊపిరితిత్తిది, ఎంత గుండెది అని ఎవరూ విడదీయలేదు. పఫ్‌ల డోసు మాత్రం పెరుగుతూ పోయి ఉంటుంది.

ఎడమ గుండె ఎందుకు చెడుతుందనేదానికి మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి పైన చెప్పిన ఉమ్మడి కారణాలు: పొగ, వయసు, బీపీ, షుగర్, కదలిక తగ్గిన జీవితం. రెండోది గాలిగొట్టాల్లోని వాపు రక్తంలోకి పొంగడం. అది ధమనుల గోడల్లో పేరుకున్న కొవ్వును అస్థిరం చేస్తుంది. ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం ఇతర కారణాలను లెక్కలోంచి తీసేసినా గుండె మరణాన్ని ముందే సూచిస్తుందని అనేక జనాభా అధ్యయనాలు చూపాయి.

మూడోది పూర్తిగా యాంత్రికం. సీఓపీడీ రోగి గాలి పీల్చగలడు, పూర్తిగా వదలలేడు. ప్రతి శ్వాసకూ కొంత గాలి లోపలే మిగిలి ఛాతీ ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బు గుండెను నొక్కుతుంది, గుండెకు చేరాల్సిన రక్తాన్ని అడ్డుకుంటుంది. అమెరికాలో 2,816 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సీటీ స్కాన్‌లో ఎంఫిసీమా ఎంత ఎక్కువ కనిపిస్తే ఎడమ జఠరికలో నిండే రక్తం అంత తక్కువగా ఉంది. వారిలో చాలామందికి జబ్బు తేలికపాటిది, లేదా అసలు లేదనే చెప్పాలి. దీనికి తిరుగు పరీక్ష 2018లో జరిగింది. ఛాతీ బాగా ఉబ్బిన 62 మంది రోగులకు రెండు రకాల మందులు కలిసిన ఇన్‌హేలర్ రెండు వారాలు ఇస్తే లోపల చిక్కుకున్న గాలి తగ్గింది, ఎడమ జఠరికలో నిండే రక్తం పెరిగింది. గుండెకు ఏ మందూ ఇవ్వకుండానే గుండె పని మెరుగుపడింది. ఇన్‌హేలర్ అలవాటు చేసుకుంటే ఇక మానలేమని భయపడి మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్లకు చెప్పదగిన సంగతి ఇది.

గుండె లయ తప్పడం మరో చిక్కు. సీఓపీడీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువ. ప్రాణవాయువు తగ్గడం, కర్ణికలు సాగడం, పొటాషియం పడిపోవడం దానికి దోహదపడతాయి. చికిత్స కూడా కొంత కారణమే. సాల్బ్యుటమాల్ నెబ్యులైజేషన్ తర్వాత గుండె దడ చాలామందికి అనుభవమే. మన పల్లెల్లో ఆయాసం రాగానే పొడిచే డెరిఫిలిన్ ఇంజెక్షన్ అంతకంటే జాగ్రత్త అవసరమైన మందు. పనిచేసే మోతాదుకు, లయ చెడగొట్టే మోతాదుకు మధ్య దూరం దానిలో చాలా తక్కువ. సిప్రోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయోటిక్ తోడైతే ఆ దూరం ఇంకా తగ్గుతుంది.

ఉధృతి తర్వాతి నెల

ఈ మొత్తం సాహిత్యంలో ఆచరణకు అత్యంత పనికొచ్చే విషయం ఒకటి ఎంచుకోమంటే ఇది: సీఓపీడీ రోగి గుండెకు గండం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జబ్బు తిరగబెట్టిన రోజుల (వైద్యుల మాటలో ఉధృతి) చుట్టూ అది పోగవుతుంది.

బ్రిటన్‌లో 25,857 మంది రోగుల రికార్డులను పరిశీలించి 2010లో ప్రచురించిన విశ్లేషణలో, ఉధృతి మొదలైన తర్వాత ఒకటి నుంచి అయిదు రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే 2.27 రెట్లు ఉంది. ఏడు వారాలపాటు పక్షవాతం ముప్పు కూడా కొంత పెరిగింది. గుండె ముప్పు ముందే ఉన్న 16,485 మంది రోగులతో జరిగిన సమ్మిట్ అధ్యయనం ఇంకా గట్టిగా చెప్పింది. ఉధృతి తర్వాతి 30 రోజుల్లో గుండె, మెదడు ప్రమాదాల ముప్పు దాదాపు నాలుగు రెట్లు. ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైన ఉధృతి అయితే దాదాపు పది రెట్లు.

కారణాలు ఊహించడం కష్టం కాదు. ఇన్‌ఫెక్షన్ వల్ల వాపు ఎగసిపడుతుంది, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, ప్రాణవాయువు పడిపోతుంది, గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటుంది, ఛాతీ ఉబ్బు గుండెను నొక్కుతుంది. కాస్త ఇరుకైన నాళం కూడా ఆ గిరాకీకి సరిపడా రక్తం ఇవ్వలేదు. దీనికి రక్తపు గడ్డల ముప్పు అదనం. ఫ్రాన్స్‌లో ఆయాసం పెరిగి ఆసుపత్రిలో చేరిన 740 మంది సీఓపీడీ రోగులకు పద్ధతి ప్రకారం పరీక్షలు చేస్తే 5.9 శాతం మంది ఊపిరితిత్తుల్లో గడ్డలు దొరికాయి.

మన దగ్గర ఈ రోజులు ఎలా గడుస్తాయో చాలా ఇళ్లకు తెలుసు. ముసురు పట్టగానో చలి మొదలవగానో పెద్దాయనకు ఆయాసం ఎక్కువవుతుంది. ఊళ్లోని ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు ఇస్తాడు, నెబ్యులైజర్ పెడతాడు. రెండు మూడు రోజులు చూద్దామంటాడు. ఛాతీ పట్టేసినట్టుందని పెద్దాయన అంటే కళ్లె పట్టేసిందిలే అని సర్దిచెబుతారు. ఆ రెండు మూడు రోజులే బ్రిటన్ లెక్కలో గుండెపోటు ముప్పు అత్యధికంగా ఉన్న రోజులు. ఆసుపత్రికి చేరినా ఎక్స్‌రే తీస్తారు, ఆక్సిజన్ పెడతారు. ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్షలు అన్నిచోట్లా వరసలో ఉండవు. ఉధృతి సమయంలో ట్రోపోనిన్, ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ (గుండె దెబ్బను, గుండె మీది భారాన్ని చూపే రక్త పరీక్షలు) పెరిగినవారిలో మరణాలు ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి. ఈ రెంటినీ అడగడం ఖర్చు దండగ కాదు.

గుర్తుపట్టడంలో చిక్కులు

రెండు జబ్బులకూ లక్షణాలు ఉమ్మడి. మెట్లెక్కితే ఆయాసం, అలసట, రాత్రి దగ్గు రెంటిలోనూ ఉంటాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కొద్దిరోజుల్లోనే బరువు పెరగడం, కళ్లె ఎక్కువ లేకుండానే ఆయాసం ముదరడం గుండె వైపు వేలు చూపుతాయి. పిల్లికూతలు, ఏళ్లుగా ఉదయం పూట తెమడ, పఫ్‌తో వెంటనే ఉపశమనం ఊపిరితిత్తి వైపు. అయితే గుండె వైఫల్యంలోనూ పిల్లికూతలు వినిపిస్తాయి. లక్షణాలను నమ్ముకుని తేల్చేయడం ప్రమాదం.

పరీక్షలకూ పరిమితులున్నాయి. ఉబ్బిన ఊపిరితిత్తి గుండెను కప్పేస్తుంది. గాలిలోంచి అల్ట్రాసౌండ్ సరిగా పోదు కనుక ఎకోలో బొమ్మ మసగ్గా వస్తుంది. ఎకో ఇచ్చే ఊపిరితిత్తుల ఒత్తిడి అంచనా కూడా ఇలాంటి రోగుల్లో తరచూ తప్పుతుంది. బీఎన్‌పీ మామూలుగా ఉంటే గుండె వైఫల్యాన్ని చాలావరకు కొట్టేయవచ్చు. పెరిగి ఉంటే కుడి గుండెదో ఎడమ గుండెదో అది చెప్పదు. ఇక గుండె వార్డుల వైపు సంగతి ఇంకా అన్యాయం. గుండెపోటుతో స్టెంట్ వేయించుకున్న పొగతాగే మనిషికి ఈసీజీలు, ఎకోలు లెక్కలేనన్ని జరుగుతాయి, గాలి వదిలే సామర్థ్యం కొలిచే పది నిమిషాల స్పైరోమెట్రీ మాత్రం ఒక్కసారీ జరగదు. సీఓపీడీ మార్గదర్శకాలు రూపొందించే గోల్డ్ సంస్థ 2025 నివేదికలో గుండె ముప్పు మీద ప్రత్యేక భాగం చేర్చింది. గుండె వార్డుల్లో ఊపిరితిత్తుల పరీక్షకూ అలాంటి చోటు రావాలి.

ఆయుష్షు పెంచినవి, పెంచనివి

ఆక్సిజన్ కథ అన్నిటికంటే గట్టిది. బ్రిటన్ వైద్య పరిశోధక మండలి 1981లో ప్రచురించిన ప్రయోగంలో ఉన్నవారందరూ ప్రాణవాయువు బాగా తగ్గి, ఒక్కసారైనా కాళ్లవాపుతో గుండె దెబ్బతిన్నవారే. రోజుకు 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో అయిదేళ్లలో 19 మంది చనిపోయారు. తీసుకోని 45 మందిలో 30 మంది. అంతకు ఏడాది ముందు అమెరికాలో 203 మందితో జరిగిన నాట్ ప్రయోగంలో, రాత్రిపూట మాత్రమే తీసుకున్నవారికంటే రోజంతా తీసుకున్నవారు ఎక్కువకాలం బతికారు. కుడి గుండె దెబ్బతిన్నవారి ఆయుష్షును నిలబెట్టిన చికిత్సగా దీనికి సాటి ఇప్పటికీ రాలేదు.

అయితే ఈ మేలు హద్దులు దాటి సాగదని తర్వాతి ప్రయోగాలు చూపాయి. ప్రాణవాయువు కొద్దిగా మాత్రమే తగ్గిన 738 మందితో 2016లో వచ్చిన లాట్ ప్రయోగంలో ఇంటి ఆక్సిజన్ వల్ల మరణాలు తగ్గలేదు, ఆసుపత్రి చేరికలూ తగ్గలేదు. స్వీడన్‌లో 241 మందితో 2024లో వచ్చిన ప్రయోగంలో 15 గంటలకు బదులు 24 గంటలు పెట్టినా అదనపు లాభం రాలేదు. ఇళ్లలో కాన్‌సన్‌ట్రేటర్ వాడేవారికి ఇది ఊరట. రాత్రి నిద్ర తొమ్మిది గంటలు, పగలు మంచం మీదో టీవీ ముందో ఆరు గంటలు ముక్కు గొట్టం ఉంటే చాలు. మిగతా సమయం స్నానానికి, పెరట్లో నడకకు, గుడికి వెళ్లి రావడానికి. దేవుడి గదిలో దీపం దగ్గరికి, పొయ్యి దగ్గరికి ఆ గొట్టంతో మాత్రం వెళ్లకూడదు. కరెంటు పోయే ఊళ్లలో సిలిండర్ సిద్ధంగా ఉంచుకోవాలి.

ఎక్కువ ఆక్సిజన్ చంపగలదు కూడా. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో ఆయాసంతో అంబులెన్స్ ఎక్కిన 405 మందితో జరిపి, 2010లో ప్రచురించిన ప్రయోగం దీన్ని తేల్చి చూపింది. సీఓపీడీ ఖరారైన రోగుల్లో మాస్కుతో ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినవారిలో 9 శాతం చనిపోయారు, ఆక్సీమీటరులో 88 నుంచి 92 మధ్య నిలిచేలా కొలిచి ఇచ్చినవారిలో 2 శాతం. వేలికి పెట్టే ఆక్సీమీటరు కొవిడ్ తర్వాత దాదాపు ప్రతి వీధిలో ఉంది. ఆ అంకెను 99కి చేర్చాలన్న తాపత్రయం ఈ రోగి విషయంలో వదులుకోవాలి.

ఇన్‌హేలర్లు ఆయుష్షు పెంచుతాయా అన్నది నిన్నమొన్నటిదాకా తేలలేదు. టార్చ్ ఫలితం అంచు దాకా వచ్చి ఆగింది: మూడేళ్ల మరణాలు రెండు మందుల కలయికతో 12.6 శాతం, మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలర్‌తో 15.2 శాతం, గణాంకపరంగా ఖరారు కాలేదు. 2018లో ఇంపాక్ట్, 2020లో ఈథోస్ ప్రయోగాలు మూడు మందులు కలిసిన ఇన్‌హేలర్‌తో, తరచూ ఉధృతి వచ్చే రోగుల్లో మరణాలు తగ్గినట్టు చూపాయి. తగ్గిన మరణాల్లో గుండెకు సంబంధించినవీ ఉన్నాయి. స్టెరాయిడ్ హఠాత్తుగా మానేసిన పోలిక వర్గంలో మరణాలు పెరగడం వల్లే తేడా వచ్చిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

బీటా బ్లాకర్ల కథ వైద్యుల భయం గురించి. ఆయాసం రోగికి ఇవ్వకూడదన్న పాత పాఠం వల్ల గుండెపోటు వచ్చిన సీఓపీడీ రోగులకు వాటిని ఆపేసేవారు. బ్రిటన్‌లో 2013లో ప్రచురించిన విశ్లేషణలో, గుండెపోటు సమయంలో బీటా బ్లాకర్ మొదలుపెట్టిన సీఓపీడీ రోగుల్లో మరణాల ముప్పు సగానికి దగ్గరగా ఉంది. గుండె మీద ప్రధానంగా పనిచేసే మెటోప్రొలాల్, బైసోప్రొలాల్ లాంటివి చాలామంది తట్టుకోగలరు. దీన్ని చూసి అందరికీ ఇస్తే ఎలా ఉంటుందని జరిగిన ప్రయోగాలు ఆశను తుంచాయి. గుండె కారణంగా ఆ మందు అవసరం లేని 532 మందికి మెటోప్రొలాల్ ఇచ్చిన 2019 నాటి ప్రయోగంలో ఉధృతులు తగ్గలేదు. ఆసుపత్రిలో చేరాల్సిన ఉధృతులు పైగా పెరిగాయి. 2024లో వచ్చిన బైసోప్రొలాల్ ప్రయోగంలో లాభమూ లేదు, నష్టమూ లేదు. స్టాటిన్ల తీర్పూ అలాంటిదే. వేరే కారణం లేని 885 మందికి సిమ్వాస్టాటిన్ ఇస్తే ఉధృతులు తగ్గలేదు. గుండె మందు గుండె జబ్బు ఉన్నవాడికి తప్పక ఇవ్వాలి, ఊపిరితిత్తి మందుగా ఇవ్వకూడదు.

ఊపిరితిత్తుల ఒత్తిడిని నేరుగా తగ్గించే మందులు ఎక్కువగా నిరాశపరిచాయి. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులో ఒత్తిడి పెరిగిన 326 మందికి పీల్చే ట్రెప్రోస్టినిల్ ఇస్తే 2021లో నడిచే దూరం మెరుగైంది. అదే మందును సీఓపీడీలో ప్రయత్నించిన ప్రయోగాన్ని హాని కనిపించి మధ్యలోనే ఆపారు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులో జరిగిన రియోసిగ్వాట్ ప్రయోగాన్ని 2016లో మరణాలు పెరిగి ఆపారు. గాలి ఆడని భాగాలకు వెళ్లే నాళాలను కూడా ఈ మందులు తెరిచేస్తే రక్తంలో ప్రాణవాయువు ఇంకా పడిపోతుంది. ఎకోలో ఒత్తిడి అంకె చూసి సిల్డినాఫిల్ రాసిచ్చే అలవాటు ఈ ఫలితాల ముందు నిలబడదు.

బొగ్గుపులుసు వాయువు పేరుకున్నవారికి ఇంట్లో ముఖానికి మాస్కుతో శ్వాస అందించే యంత్రం మేలు చేసింది. 2017లో వచ్చిన బ్రిటన్ ప్రయోగంలో ఆక్సిజన్‌కు అది తోడైతే మళ్లీ ఆసుపత్రిలో చేరడానికో చనిపోవడానికో పట్టిన మధ్యస్థ కాలం 1.4 నెలల నుంచి 4.3 నెలలకు పెరిగింది.

అన్నిటికంటే చవకైన రెండు చికిత్సలకు ప్రచారం తక్కువ. అమెరికా, కెనడాల్లో 5,887 మంది పొగతాగేవారిని చేర్చుకున్న లంగ్ హెల్త్ అధ్యయనంలో, మానడానికి గట్టిగా సాయం అందిన వర్గంలో పద్నాలుగున్నరేళ్ల తర్వాత మరణాలు స్పష్టంగా తక్కువ. రెండోది పునరావాస వ్యాయామం. ఆసుపత్రి నుంచి వెళ్లిన 90 రోజుల్లో దాన్ని మొదలుపెట్టిన అమెరికన్ వృద్ధుల్లో ఏడాదిలో 7.3 శాతం చనిపోయారు, మొదలుపెట్టనివారిలో 19.6 శాతం. ఇది యాదృచ్ఛిక ప్రయోగం కాదు, ఓపిక ఉన్నవాళ్లే వ్యాయామానికి వచ్చి ఉంటారు. ఆ మేరకు తగ్గించి చూసినా విస్మరించదగ్గ తేడా కాదు. ఆ చికిత్స అందుకున్నవారు మాత్రం వందకు ఇద్దరు కూడా లేరు.

ఎంతకాలం?

రోగి కుటుంబం అడిగే ప్రశ్న ఇదే. 2004లో సెల్లీ బృందం రూపొందించిన బోడ్ సూచీ దీనికి ఎక్కువగా వాడే కొలమానం. ఎత్తుకు తగ్గ బరువు, గాలి వదిలే సామర్థ్యం, ఆయాసం స్థాయి, ఆరు నిమిషాల్లో నడిచే దూరం, ఈ నాలుగింటికీ కలిపి పది మార్కులు. మార్కులు పెరిగేకొద్దీ ఆయుష్షు తగ్గుతుంది. ఆసుపత్రి వరండాలో ముప్పై మీటర్ల గీత, రెండు చివరలా రెండు కుర్చీలు, ఒక గడియారం. రోగి తన వేగంతో అటూ ఇటూ నడుస్తాడు, అలిసిపోతే ఆగుతాడు, మళ్లీ నడుస్తాడు. 350 మీటర్లు నడిస్తే ఒక్క మార్కూ పడదు, 149 మీటర్లకు మించకపోతే మూడు పడతాయి.

ఈ సూచీలో గుండెకు విడిగా గడి లేదు. ఆరు నిమిషాల నడకలో మాత్రం అది దొంగచాటుగా దూరింది, ఎందుకంటే ఊపిరితిత్తి ఎంత బాగున్నా గుండె సహకరించకపోతే 350 మీటర్లు రావు. ఒక్క గాలి పరీక్ష అంకె కంటే ఈ సూచీ మరణాన్ని బాగా ఊహించడానికి అది ఒక కారణమై ఉండాలి. రోగి భవిష్యత్తు స్పైరోమెట్రీ కాగితంలో లేదు, మొత్తం మనిషిలో ఉంది.

ఇన్ని అధ్యయనాలు కలిపి ఇచ్చే తీర్పు పెద్దగా ఖర్చు కోరదు. నలభై దాటిన ప్రతి సీఓపీడీ రోగికి ఏడాదికొకసారి బీపీ, షుగర్, కొలెస్టరాల్, ఈసీజీ చూడాలి. గుండె జబ్బు కనబడితే ఆయాసం పేరు చెప్పి స్టాటిన్‌నో బీటా బ్లాకర్‌నో ఆపకూడదు. ఉధృతి వచ్చి తగ్గిన నెలలో ఛాతీ నొప్పి, కొత్త దడ, హఠాత్తుగా పెరిగిన ఆయాసం దేన్నీ కళ్లె ఖాతాలో వేయకూడదు. ఆక్సిజన్ నిజంగా తగ్గినవారికి పూర్తి గంటలు, తగ్గనివారికి వద్దు, ఎవరికైనా కొలిచే. స్టెంట్ వేయించుకున్న పొగరాయుడికి, కట్టెల పొయ్యి ముందు బతికిన తల్లికి స్పైరోమెట్రీ తప్పనిసరి కావాలి. ఏటా ఫ్లూ టీకా, రోజూ నడక వీటికి తోడు. ఇందులో ఏదీ కొత్త మందు కాదు. జిల్లా ఆసుపత్రుల్లో ఇవన్నీ ఏదో ఒక గదిలో ఇప్పటికే ఉన్నాయి. ఛాతీ డాక్టర్ ఓపీ చీటీలోనే ఈసీజీ, గుండె డాక్టర్ ఓపీ చీటీలోనే స్పైరోమెట్రీ రాసే ఏర్పాటు ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. ఏళ్ల తరబడి మన చేతిలో ఉన్న సాక్ష్యానికి ఆ మాత్రం కాగితం బాకీ ఉన్నాం.